మైనం మీద నా వేలు

ఫిబ్రవరి 9

ఎవరికీ చెప్పుకోలేని సంగతి ఒకటి ఉంది. అందుకే ఈ డైరీ తీశాను. మందుల కంపెనీ వాళ్ళు మా పళ్ళ డాక్టరమ్మకి ఇస్తే ఆవిడ మాకిచ్చింది. ఇన్నాళ్ళూ ప్లాస్టరు సంచి కింద ఎత్తుకి పనికొచ్చింది పాపం.

మొన్న మా ఆయన స్కూటరు జారి పడ్డాడు. కుడిచెయ్యి, మణికట్టు దగ్గర రెండు చోట్ల విరిగింది. ఈ రోజు ఆపరేషను. పదింటికి లోపలికి తీసుకెళ్ళారు. "వదినా, నేనుంటాను గానీ నువ్వెళ్ళి అన్నయ్యకి బట్టలు తీసుకురా" అంది ఆడపడుచు. వచ్చాను.

మా ఇంటి ముందు గదే మా పని గది. కట్టుడు పళ్ళు చేస్తాం. బల్ల మీద ఒక పెద్దావిడ పళ్ళు సగంలో ఆగి ఉన్నాయి. రేపటికల్లా డాక్టరమ్మకి అందాలి. పద్దెనిమిదేళ్ళుగా ఈ గదిలో మొదలూ చివరా నావి. ప్లాస్టరు కలపడం, అచ్చు పొయ్యడం, ఆఖర్న నునుపు పెట్టడం. నడుమ ఉన్నదంతా ఆయనది. మైనంలో ఒక్కో పన్నూ నిలబెట్టి మనిషికి నోరు కట్టడం. ఆ కుర్చీని రోజూ తుడిచానే గానీ ఏనాడూ కూర్చోలేదు.

ఊరికే చూద్దామని కూర్చున్నాను. దీపం వెలిగించాను. మైనం మెత్తబడింది. ఒక పన్ను పెట్టాను, నచ్చలేదు, తీశాను, రవ్వంత పక్కకి తిప్పి పెట్టాను. ఆవిడ కాగితాలకి పాత ఫోటో ఒకటి గుచ్చి ఉంది. ముందు పళ్ళ మధ్య సన్నటి సందు. ఆయన ఫోటోలు చూడడు. "పాత లోపాలు మళ్ళీ ఎందుకు, కొత్త పళ్ళు కదా" అంటాడు. నేను చూశాను. సందు పెట్టాను.

తలెత్తేసరికి ఎండ గోడెక్కింది. ఫోను అవతల గదిలో మోగీ మోగీ ఊరుకుందట, నాలుగు సార్లు. ఆపరేషను అయిపోయి, ఆయన కళ్ళు తెరిచి నేనేదని అడిగాడట.

ఆ నాలుగు గంటల్లో ఆయన నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. బట్టలు సరే, మొగుడే గుర్తు రాలేదు.

ఫిబ్రవరి 10

బస్సు దొరకలేదని చెప్పాను. నమ్మాడు.

ఫిబ్రవరి 14

పెద్దావిడకి పళ్ళు పెట్టి చూసే రోజు. డబ్బా ఇచ్చేసి రాక, ఒక మూల స్టూలు మీద కూర్చుండిపోయాను. ఆవిడ అద్దం దగ్గరికి లాక్కుని చూసుకుంది. పక్కనున్న వాళ్ళాయన కళ్ళజోడు సవరించుకుని, "వచ్చిందండీ వచ్చింది, నాతో దెబ్బలాడే మనిషి మళ్ళీ వచ్చేసింది" అన్నాడు. ఆవిడ నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా.

దారంతా నా కాళ్ళు నేల మీద ఉంటే ఒట్టు. ఇంట్లో ఆయన చేతికి కట్టుతో మంచం మీద. ఎడంచేత్తో గ్లాసు పట్టుకోలేక చొక్కా మీద పోసుకున్నాడు. నేను మొహం కడుక్కునే నెపంతో కాసేపు పెరట్లో నిలబడ్డాను, వెలిగిపోతున్న ఈ మొహాన్ని కాస్త దించుకుందామని.

"నచ్చాయా ఆవిడకి?" అన్నాడు.

"నచ్చాయి. మీరు సగం పెట్టినవే కదా. మిగతావి ఆ వరసలో నిలబెట్టానంతే."

"అదీ! వరస కుదిరితే ఇంకేం కావాలి" అని సంతోషపడ్డాడు. ఆయన పెట్టినవన్నీ తీసేసి మళ్ళీ పెట్టానని చెప్పలేదు. జబ్బుమనిషికి అవన్నీ ఎందుకు.

మార్చి 3

ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని చెబుతాడు. "అది సూటిగా పెట్టు. ఇది కొంచెం లోపలికి తొయ్యి." ఊఁ అంటాను. టీ కలిపే మిష మీద ఆయన్ని లోపలికి పంపి నాకు తోచినట్టు పెడతాను. ఎడంచేత్తో టీ కలపడం బాగానే వచ్చేసింది ఆయనకి.

డాక్టరమ్మ అంది: "ఆయన నోటితో చెబితే మీరు చేత్తో చేస్తున్నారా! మీ ఆయనకెంత ఓపికండీ!" ఓపికట. నేను మెటికలు విరుచుకుంటూ నిలబడ్డాను. ఆయన మాత్రం "ఏదో లెండి, నేర్పాలి కదా" అన్నాడు.

మార్చి 12

ఈ నెలకి అప్పుడే పదకొండు సెట్లు వచ్చాయి. ఇంతకుముందు ఆరు దాటిన నెల లేదు.

ఇప్పుడు కొత్త పద్ధతి పెట్టాను. పళ్ళు కావాల్సిన వాళ్ళని డాక్టరమ్మ ఒకసారి నా దగ్గరికి పంపుతుంది. ఒకటి నుంచి ఇరవై దాకా లెక్క పెట్టమంటాను. నవ్వమంటాను. ఆ తర్వాత తిట్టమంటాను. ఎవర్ని అంటే ఎవర్నైనా సరే. నవ్వులో మనిషి జాగ్రత్త పడతాడు. తిట్టేటప్పుడు పెదవి ఎంత దూరం లేస్తుందో అదీ అసలు కొలత. నిన్న ఒక రిటైర్డు హెడ్మాస్టరు తన పాత ఇనస్పెక్టరుని పది నిమిషాలు తిట్టి, తేలికపడి, నాకు దణ్ణం పెట్టి వెళ్ళాడు.

పొద్దున్నే మెలకువ రాగానే ఇవాళ ఎవరి నోరు అని ఆలోచన వస్తుంది. నలభై రెండేళ్ళొచ్చాయి నాకు. నిద్ర లేవాలని ఎప్పుడైనా ఇంత తొందర పడ్డానా? ఆ తొందరలో పక్కకి తిరిగితే దిండు మీద ఆయన విరిగిన చెయ్యి. సిగ్గేస్తుంది. లేస్తాను.

మార్చి 24

కట్టు విప్పారు. చెయ్యి సన్నగా, పాలిపోయి, ఎవరిదో అన్నట్టుంది. వేళ్ళు వంగడం లేదు.

వ్యాయామం చేయించే ఆవిడ నన్ను కూర్చోబెట్టి నేర్పింది. పది నిమిషాలు వేడినీళ్ళలో పెట్టాలి. తర్వాత ఒక్కో వేలూ మెల్లిగా వంచాలి, పదేసి సార్లు. రోజుకి రెండు పూటలు, ఆరు వారాలు. వారానికోసారి ఆవిడ దగ్గరికి. "ఇప్పుడు వంగనివి తర్వాత వంగవమ్మా. ఆయన వద్దంటాడు, ఏడుస్తాడు, మీరు వినకండి. ఇది మీ చేతుల్లో ఉంది" అంది.

మార్చి 25

రెండు పూటలా చేయించాను.

మార్చి 26

రెండు పూటలా.

మార్చి 31

ఒక్క పూటే. అబ్బా, అమ్మా అని ఒకటే గోల. "పోనీ వద్దులెండి" అన్నాను. చూస్తూ చూస్తూ ఎలా వంచను? కసాయిదాన్నా?

ఏప్రిల్ 6

ఒక్క పూట. శ్రద్ధగా చేస్తే ఒకటి రెండుతో సమానమే.

రెండు సెట్లు అప్పజెప్పాను. ఒకావిడ కావలించుకుంది.

ఏప్రిల్ 11

కుదరలేదు. నొప్పి కూడా పాపం.

ఏప్రిల్ 15

వ్యాయామం ఆవిడ ఫోను చేసింది, ఈ వారం రాలేదేమని. ఊళ్ళో లేమని చెప్పాను.

ఊళ్ళోనే ఉన్నాం. ఆయన పక్క గదిలో పేపరు చదువుతున్నాడు. ఆ మాట దానంతటదే వచ్చేసింది. వచ్చే వారమో అంది, అప్పుడూ కుదరదన్నాను. ఆ పై వారమో అంది. మేమే ఫోను చేస్తామన్నాను.

"ఎవరు?" అన్నాడు ఆయన.

"ఆవిడే. ఇంక రానక్కర్లేదట. ఇంట్లో చేసుకుంటే చాలట."

"హమ్మయ్య, బతికించింది" అన్నాడు.

బల్ల మీద పని చాలా ఉంది. ఆయన్ని తీసుకెళ్ళి తీసుకొస్తే ఒక పూటంతా పోతుంది. అంతే. అంతకు మించి ఏమీ లేదు.

ఏప్రిల్ 16

అంతకు మించి ఉంది.

ఏప్రిల్ 26

ఆయన స్నానం చేసి, తల దువ్వుకుని, పెళ్ళికొడుకులా వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. "నా కుర్చీ నాకివ్వవా ఏం?" అన్నాడు. పరాచికానికే అన్నాడు. నేను నిప్పు తొక్కినట్టు లేచాను.

రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన పళ్ళు. నిన్న వచ్చి పోయాడు. నలభై ఏళ్ళు నోట్లో వేళ్ళు పెట్టి ఈల వేసి బస్సులు ఆపాడట, కదిలించాడట. పళ్ళు పోయాక ఈల పోయింది. "ఈల పడితేనే తీసుకుంటానమ్మా. నమలడం ఎలాగోలా నమిలేస్తాను" అన్నాడు. ఆ మాట విన్నప్పటినుంచీ నా వేళ్ళు దురద పెడుతున్నాయి.

నేను ప్లాస్టరు కలపడానికి వెళ్ళాను.

ఏప్రిల్ 29

మూడు రోజులు పట్టింది ఆయనకి. బొటనవేలూ చూపుడువేలూ కలుస్తున్నాయి గానీ మిగతావి సాయం రావు. పన్ను పట్టుకుంటే జారుతుంది. చెమటతో చొక్కా తడిసిపోయింది. నేను అటు చూడలేదు, అచ్చు కడుగుతూ నిలబడ్డాను.

మధ్యాహ్నం చెల్లెలింటికి వెళ్ళాడు, పని అయిందన్న హుషారులో. వెళ్ళాక చూశాను. ఎడమవైపు దవడ పళ్ళు పైవీ కిందవీ అసలు కలవడమే లేదు. ముందు పళ్ళు తాగినవాడు నడిచినట్టున్నాయి.

డాక్టరమ్మ చూస్తే తిప్పి పంపుతుంది. ఆయన మనసు విరిగిపోతుంది. కండక్టరు ఏం పాపం చేశాడు? ఇవన్నీ అనుకున్నాను. అనుకునే లోపలే దీపం వెలిగించాను.

మొత్తం తీసేసి మళ్ళీ పెట్టాను. మైనం బొటనవేలితో సర్దాను, తడి దూదితో తుడవడం ఆయన అలవాటు, నాకు రాదు. ముందు పళ్ళ వెనక గాలి ఎలా పోవాలో నేనే నోట్లో వేళ్ళు పెట్టుకుని ఊది చూసుకున్నాను. ఎవరైనా చూస్తే పిచ్చిదనుకుందురు. ఎంత హాయిగా ఉందో రాయకూడదు గానీ రాస్తున్నాను. ఆయన మూడు రోజుల కష్టాన్ని పీకి పారేస్తూ అంత హాయి.

మే 6

ఈల పడింది.

డాక్టరమ్మ గదిలోనే వేశాడు కండక్టరు. బయట వరసలో కూర్చున్న వాళ్ళంతా లేచి నిలబడ్డారట. ఒకాయన పన్ను నొప్పి మర్చిపోయాడట. మా ఇంటి ముందుకొచ్చి మళ్ళీ వేశాడు. వీధిలో ఆటో ఒకటి ఆగిపోయింది. మా ఆయన్ని వాటేసుకుని "మీది చెయ్యి కాదండీ, బంగారం" అన్నాడు.

ఆయన కళ్ళలో నీళ్ళు. చెల్లెలికి ఫోను చేశాడు. "నా చెయ్యి నాకు తిరిగొచ్చేసిందే" అని ఏడ్చేశాడు. నేను గుమ్మం పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాను. ఆ నవ్వు మొహానికి మేకు కొట్టి తగిలించినట్టుంది.

ఫోను పెట్టేసి నా దగ్గరికొచ్చాడు. "ఇంక నువ్వు విశ్రాంతి తీసుకో. మూడు నెలలు గాడిదచాకిరీ చేశావు. రేపట్నుంచి అన్నీ నేను చూసుకుంటాను" అన్నాడు.

నా గొయ్యి నేనే తవ్వుకున్నాను.

మే 7

ప్లాస్టరు కలిపాను.

మే 9

ప్లాస్టరు కలిపాను. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు రెండు పళ్ళు సరిచేశాను. నీళ్ళ చప్పుడు ఆగగానే లేచిపోయాను.

మే 12

స్నానాలు ఎక్కువసేపు చెయ్యండి, ఎండలు మండిపోతున్నాయి, అని చెప్పాను. నా మొహం మీద నేనే ఉమ్మేసుకోవాలి.

మే 15

కండక్టరు వచ్చాడు. వెనకవైపు చిగురు ఒరుసుకుంటోందట. ఇది మామూలే, కాస్త అరగదీస్తే సరిపోతుంది. నేను చెయ్యి చాచాను. మా ఆయన ముందే అందుకున్నాడు. "నా పని, నేను చూస్తాను" అని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో తిప్పాడు.

తిప్పుతూ ఆగిపోయాడు.

మైనంలో ఏముంటే గులాబిరంగు ప్లాస్టిక్‌లో అదే దిగుతుంది. ఆఖరి పన్ను వెనక, నునుపు పట్టని చోట, వేలు నొక్కిన గుంట. గుంటలో అడ్డంగా ఒక గీత. నా బొటనవేలికి అడ్డంగా గాటు ఉంది, కొత్త కాపురంలో ప్లాస్టరు కత్తికి తెగింది. ఆ రోజు కట్టు కట్టింది ఆయనే.

ఒరుసుకుంటున్న చోట అరగదీశాడు. వేలి గుంట జోలికి పోలేదు. కడిగి, తుడిచి, కండక్టరుకిచ్చాడు. కండక్టరు ఈల వేసి మరీ వెళ్ళాడు. ఆ ఈల విని ఆయన కళ్ళు మూసుకున్నాడు.

తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు. బల్ల ముందు కుర్చీలో కాదు, ప్లాస్టరు సంచి మీద.

"మొత్తం తీసేశావా?"

"ఊఁ."

"ఒక్కటి కూడా పనికిరాలేదా?"

బొటనవేలు కొంగులో చుట్టుకున్నాను.

"వాటేసుకుంటే వాటేయించుకున్నాను. చెల్లికి ఫోను చేసి ఏడ్చాను. నువ్వు చూస్తూ నిలబడ్డావు." గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "ఇంకేం చేశావు?"

చెప్పక్కర్లేదు. అంతటితో ఊరుకుంటే ఆ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు. కానీ ఆయన అడిగిన తీరుకి లోపలున్నదంతా బయటికొచ్చేసింది. వేడినీళ్ళు. ఒక్క పూట. ఫోను. ఊళ్ళో లేమని అనడం. రానక్కర్లేదన్నారని అబద్ధమాడడం.

"నొప్పని నేనే వద్దన్నాను కదా" అన్నాడు, నా తరఫున ఏదైనా మాట వెతుకుతున్నట్టు.

"మీరు వద్దన్నా వినొద్దని చెప్పింది ఆవిడ. నేను విన్నాను. నాకు అదే కావాలి కాబట్టి విన్నాను."

ఆయన తన చేతిని ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాడు, చంటిపిల్లని చూసినట్టు.

మే 16

మాట్లాడలేదు.

మే 17

మాట్లాడలేదు. టీ తనే కలుపుకున్నాడు, ఒక్క గ్లాసు.

మే 19

ఒక్కడే వెళ్ళాడు వ్యాయామం ఆవిడ దగ్గరికి. నేను వస్తానంటే చెప్పులు వేసుకుంటూ చెయ్యి అడ్డం ఊపాడు.

మూడు గంటలకి వచ్చాడు. నిలబడే చెప్పాడు, ఎవరి సంగతో చెబుతున్నట్టు. ఉంగరం వేలూ చిటికెన వేలూ ఇంక పూర్తిగా వంగవట. మిగతావి ఇలాగే ఉంటాయట.

"సరిగ్గా చేయించి ఉంటే..." అన్నాను.

"అడిగాను. చెప్పలేమంది. చేసినా వంగేవి కాదేమో అంది. వంగేవేమో అని కూడా అంది."

ఏదో ఒకటి చెప్పి ఉండొచ్చు కదా ఆవిడ. నీ వల్లేనంటే నెత్తీ నోరూ బాదుకునేదాన్ని. నీ తప్పు లేదంటే దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని. బతికినంతకాలం ఈ రెండింటి మధ్య నిలబడాలి నేను. ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. ఓదార్చాలని నేనూ అనుకోలేదు.

మే 21

డాక్టరమ్మ మూడు సెట్లు పంపింది. డబ్బా గుమ్మం దగ్గరే ఉంది. ఇద్దరం దాన్ని దాటుకుంటూ తిరుగుతున్నాం.

ఆడపడుచు వచ్చి, "ఏంటి వదినా, ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంది, ఎవరైనా పోయారా?" అంది. ఆయన చెప్పలేదు. తన చెల్లెలికి కూడా చెప్పలేదు. దానికి నేను పొంగిపోవాలో భయపడాలో తెలియలేదు.

మే 22

డాక్టరమ్మకి ఫోను చేశాను, పని ఇంకెవరికైనా ఇమ్మని. ఆయన వెనకనుంచి వచ్చి ఫోను లాక్కున్నాడు, ఎడంచేత్తో. "ఇస్తామండీ, శుక్రవారానికి. మా ఆవిడ చేస్తుంది. ఈ మధ్యవన్నీ ఆవిడ చేసినవే, కండక్టరువి కూడా" అన్నాడు. అవతల డాక్టరమ్మ ఏదో అంది. "కాదండీ, నేను చెప్పడమేమీ లేదు" అన్నాడు.

ఫోను నా చేతిలో పెట్టి లోపలికెళ్ళిపోయాడు.

మే 24

డబ్బా విప్పాను. ఆయన ప్లాస్టరు గిన్నె ముందేసుకుని ఎడంచేత్తో కలుపుతున్నాడు. సగం నేల మీద పడుతోంది. సాయం పోలేదు, పోతే కొట్టేలా ఉన్నాడు.

కుర్చీలో కూర్చుని ఒట్టు పెట్టుకున్నాను. ఇది పని, అంతే. శిక్షలా చేస్తాను. సంతోషమన్నది దగ్గరికి రానివ్వను. మొదటి పన్ను ఏడుస్తూనే పెట్టాను. రెండోదీ అంతే. మైనం మీద ఒక చుక్క పడితే కొంగుతో అద్దాను. మూడో పన్ను సరిగ్గా కూర్చోలేదు. తీసి, కొంచెం లోపలికి తిప్పి, మళ్ళీ పెట్టి, దూరం జరిగి చూశాను. ఈ నోరు గలాయన పచారీ కొట్టతను. తిట్టమంటే తిట్టడం రాక తన తక్కెడని తిట్టాడు. అది గుర్తొచ్చింది. నాలుగోది కుదిరింది. అయిదోది దానంతటదే వచ్చి కూర్చుంది.

ఎప్పుడు మొదలుపెట్టానో తెలియదు. కూనిరాగం తీస్తున్నాను. నా గొంతు నాకే వినపడి గతుక్కుమన్నాను. నోరు మూసేశాను. గదిలో ప్లాస్టరు గరిట చప్పుడు కూడా ఆగింది.

తల తిప్పలేదు. తిప్పే మొహం లేదు.

"ఆపావేం?" అన్నాడు. అయిదు రోజుల తర్వాత నాతో మొదటి మాట.

"తెలియకుండా వచ్చేసిందండీ. ఇంకెప్పుడూ..."

"ఆపకు" అన్నాడు. గొంతులో కోపం అలాగే ఉంది, ఎక్కడికీ పోలేదు. "నువ్వు ఏడుస్తూ చేస్తే నేను చూడలేను. చెయ్యి ఎలాగూ పోయింది. నీకా సంతోషం కూడా లేకపోతే నా చెయ్యి దేనికి పోయినట్టు?"

గరిట మళ్ళీ తిరగడం మొదలైంది. నాకు పాట రాలేదు. ఆరో పన్ను పెట్టాను. ఏడోది పెట్టాను. పై వరస పూర్తయ్యేసరికి నేను మళ్ళీ పాడుతూనే ఉన్నానట. ఆయనే చెప్పాడు.